కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినా పాత పుస్తకమే నడుస్తోందా?

మందుల హోల్‌సేల్ ఏజెన్సీల్లో బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ పెట్టాక వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం యజమాని కుర్చీ దగ్గరే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేసే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: సిస్టమ్‌లో ఎక్కిస్తున్నారు, పుస్తకంలోనూ రాస్తున్నారు.
కారణం: సాయంత్రం కలెక్షన్ లెక్క అడిగేటప్పుడు మీరే "ఆ పుస్తకం ఇలా తే" అంటున్నారు. మీరు నమ్మని స్క్రీన్‌ను గుమాస్తా ఎందుకు నమ్ముతాడు? రెండు చోట్లా రాయడం రెట్టింపు చాకిరీ. రద్దీ పెరిగితే ముందు వదిలేసేది సిస్టమ్‌నే.
పరిష్కారం: ఏదైనా ఒక నెల ఒకటో తారీఖును ఖాయం చేసి ముందే అందరికీ చెప్పండి. ముందురోజు రాత్రి సరుకు లెక్కపెట్టి ఓపెనింగ్ స్టాకు ఎక్కించండి. మర్నాటి నుంచి పుస్తకం అడగొద్దు, రిపోర్టు మీరే తెరిచి చూడండి.

సమస్య: స్టాకు మొత్తం సరిపోతోంది, బ్యాచ్‌లు (ఒకే విడతలో తయారై ఒకే నంబరున్న సరుకు) మాత్రం కలవడం లేదు.
కారణం: బిల్లు పాత బ్యాచ్ మీద కొడతారు, సరుకు మాత్రం చేతికందిన కొత్త పెట్టెలోంచి తీసిస్తారు. సిస్టమ్ లెక్కలో పాత బ్యాచ్ అమ్ముడైపోయింది. నిజానికది ర్యాక్ వెనకాల ఎక్స్‌పైరీకి దగ్గరపడుతూ ఉంటుంది. నష్టం డబ్బుతో ఆగదు. రేపు కంపెనీ ఆ బ్యాచ్‌ను వెనక్కి పంపమంటే అది ఏ షాపుకు వెళ్లిందో మీరు చెప్పలేరు. రోగి ప్రాణానికి సంబంధించిన విషయమిది, తేలిగ్గా తీసుకోవద్దు.
పరిష్కారం: ముందు సరుకు తీయాలి, స్ట్రిప్ మీదున్న బ్యాచ్ నంబరు చూసి ఆ తర్వాతే బిల్లు కొట్టాలి. ఏడాదికోసారి కాకుండా రోజూ కొన్ని ఐటమ్‌లు లెక్కపెట్టించండి. తేడా ఉందని చెప్పినవాణ్ణి తిట్టకండి. తిడితే ఈసారి చెప్పడు, గుట్టుగా సర్దేస్తాడు.

సమస్య: ఎప్పటినుంచో ఉన్న గుమాస్తా "నాకు రాదు బాబూ, కుర్రాళ్లకు చెప్పండి" అంటున్నారు.
కారణం: వయసు అనుకుంటారు గానీ, కుర్రాళ్ల ముందు తడబడితే పరువు పోతుందన్న బెరుకే ఎక్కువ. పైగా దానివల్ల తనకు ఒరిగేదేమిటో ఎవరూ చెప్పలేదు. కొత్త సాధనం వాడకాన్ని, అది ఎంత సులువన్నదానికంటే ఎంత పనికొస్తుందన్నదే ఎక్కువ నిర్ణయిస్తుందని అమెరికా పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లోనే చూపించారు.
పరిష్కారం: ఏ షాపు ఎన్ని రోజులకు చెల్లిస్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అప్పు పరిమితులు ఆయన్నే కూర్చోబెట్టి పెట్టించండి. బాకీల జాబితా ఒక్క నొక్కుతో వస్తుందని అప్పుడే చూపించండి. నేర్పడం మధ్యాహ్నం కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు, పక్కన ఎవరూ లేకుండా.

సమస్య: బిల్లు ఎవరు మార్చారో తెలియడం లేదు.
కారణం: అందరికీ ఒకటే పాస్‌వర్డ్.
పరిష్కారం: మీతో సహా ఎవరి లాగిన్ వారిదే. మీది కంపెనీగా రిజిస్టరైన సంస్థ అయితే, మార్పుల చరిత్ర దాచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

సమస్య: నెట్ పోతే బిల్లింగ్ ఆగిపోతోంది.
కారణం: టర్నోవర్ 5 కోట్లు దాటినవారికి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ (షాపులకు కొట్టే బిల్లును జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి. దానికి నెట్ కావాలి.
పరిష్కారం: వేరే కంపెనీ కనెక్షన్ ఇంకొకటి తీసుకోండి. అది వచ్చేదాకా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవడం కౌంటర్‌లో ఇద్దరికైనా నేర్పండి.