ఊళ్లో పేదరికాన్ని కొలవడం: ఎంతమంది అన్న లెక్కతో ఆగకండి

గ్రామంలో పేద కుటుంబాల సర్వే చేయదలచినవారు "నెలకు ఎంత సంపాదిస్తారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకూడదు. రేషన్ కార్డు పోతుందన్న భయం అలా ఉంచితే, నిజం చెప్పాలనుకున్నవారికి కూడా ఆ అంకె తెలియదు. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. ప్రకాశం జిల్లా టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్ సాగినన్నాళ్లే కూలి. అందువల్ల ఖర్చును అడగండి; పని ఉన్న కాలంలో ఒకసారి, లేని కాలంలో మరొకసారి వెళ్లండి.

చేపలు, కూరగాయలు, నూనె వంటివాటికి గడచిన 7 రోజుల ఖర్చు, బియ్యం, పప్పులకు 30 రోజులది, బట్టలు, చదువులకు ఏడాదిది అడగాలి. "నిన్న రాత్రి ఏం కూర వండారమ్మా?" అంటే, పడవ మీద నుంచి ఇంటి కూరకని తెచ్చుకున్న చేపల సంగతి కూడా బయటికి వస్తుంది, వాటికి రేవులో పలికిన ధర కట్టి ఖర్చులో కలపండి. రేషన్ బియ్యానికీ విలువ కట్టి విడిగా రాయండి. పడవ యజమాని ఇచ్చిన అడ్వాన్సు అప్పే గాని ఆదాయం కాదు. అప్పు తెచ్చి చేయించుకున్న ఆపరేషన్ ఖర్చును కలిపేస్తే, చితికిపోయిన కుటుంబమే కాగితం మీద పేదరికం నుంచి బయటపడినట్టు కనిపిస్తుంది గనుక దానిని వేరు చేసి చూడాలి.

పేదల్లోనే ఉన్న అంతరాలను ఎంతమంది పేదలన్న తలల లెక్క దాచేస్తుందని ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1976లోనే చూపారు. పేదరికపు గీత, అంటే ఇంతకన్నా తక్కువ ఖర్చు చేసేవారు పేదలు అనే హద్దు, మనిషికి నెలకు 2,000 రూపాయలనుకుందాం. ఒక పేటలో ఇద్దరు పేదలు చెరి 1,500 ఖర్చు చేస్తారు. పక్క పేటలో ఒకరు 1,900, మరొకరు 1,100. రెండు చోట్లా పేదలు ఇద్దరే, సగటు లోటూ గీతలో నాలుగో వంతే. అయితే ఒక్కొక్కరి లోటును గీతతో భాగించి, వర్గం చేసి, సగటు తీస్తే మొదటి పేటకు 0.0625, రెండో పేటకు 0.1025 వస్తుంది. ఆర్థికవేత్తలు ఫోస్టర్, గ్రీర్, థోర్‌బెక్ 1984లో ఇచ్చిన ఈ కొలతతో అట్టడుగున ఉన్న మనిషి లెక్కలోకి వస్తాడు; ఇక్కడ పేదల మీదే సగటు తీశాం గాని, అసలు కొలతలో పేదలు కానివారి లోటును సున్నాగా వేసి అందరి మీదా సగటు తీస్తారు.

గీతను కూడా ఒక్కదానినే నమ్ముకోవద్దు. 2011-12కు గ్రామాల్లో ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్ పద్ధతి గీత మనిషికి నెలకు 816 రూపాయలు, ఆ తర్వాత వచ్చిన రంగరాజన్ కమిటీ గీత 972. దేశంలో పేదల వాటా మొదటి పద్ధతిలో 21.9 శాతం, రెండో పద్ధతిలో 29.5 శాతం. మీ సర్వేలోనూ రెండు గీతల దగ్గర లెక్కకట్టి, ఏ గీతకు ఏ ఫలితమో పక్కపక్కనే రాయండి.