గొంతే బ్యాటరీగా: అతి తక్కువ శక్తి రేడియో – 3వ పాఠం

గత పాఠంలో 1.5 వోల్టుల సెల్‌తో 7.030 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్‌ను, అంటే రేడియో తరంగాన్ని పుట్టించే చిన్న సర్క్యూట్‌ను, నడిపించాం. పక్కనే ఉన్న రిసీవర్‌లో దాని సన్నని ఈల విన్నాం. ఈ పాఠంలో ఆ సెల్ తీసేస్తున్నాం. దాని చోట ఒక స్పీకర్ వస్తుంది, ఆ స్పీకర్ ముందు మీ గొంతు. ట్రాన్స్‌మిటర్‌కు కావలసిన ప్రతి మైక్రోవాట్ మీ ఊపిరితిత్తుల్లోంచే రావాలి. బ్యాటరీ లేదు, సోలార్ పలక లేదు.

ఇది కొత్త ఊహ కాదు. 1877 నాటి బెల్ టెలిఫోన్‌లో శాశ్వత అయస్కాంతం, తీగచుట్ట, ఒక పలచని ఇనుప రేకు ఉండేవి. మాట్లాడితే రేకు కదిలేది, చుట్టలో కరెంటు పుట్టేది, అవతలి వైపు అలాంటి పరికరమే దాన్ని మళ్లీ శబ్దంగా మార్చేది. కార్బన్ మైక్రోఫోన్ వచ్చాక టెలిఫోన్‌కు బ్యాటరీ తప్పనిసరైంది. ఓడల్లో మాత్రం గొంతుతో నడిచే ఫోన్లు ఆ తర్వాత కూడా నిలిచాయి, ఎందుకంటే కరెంటు పోయినా అవి పనిచేస్తాయి. మనం చేయబోయేది ఆ సూత్రాన్ని తీగ దాటించి గాలిలోకి తీసుకెళ్లడం. హ్యామ్‌లు, అంటే అభిరుచితో రేడియో నడిపే లైసెన్సుదారులు, కొందరు ఇలాంటి ట్రాన్స్‌మిటర్లతో నిజమైన కాంటాక్టులు చేశారు.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ పాఠమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మీటరు దూరంలో శబ్దం సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. అంటే చదరపు మీటరుకు ఒక మైక్రోవాట్. మీటరు వ్యాసార్థం ఉన్న గోళం ఉపరితలం 12.6 చదరపు మీటర్లు కాబట్టి మీ మాట మొత్తం శక్తి పది పన్నెండు మైక్రోవాట్లు. దానితో మన ఆసిలేటర్ నడవదు. అదే గట్టిగా గొంతెత్తితే 85 డెసిబెల్స్ దాకా వెళ్లవచ్చు. డెసిబెల్స్‌లో 25 పెరిగితే శక్తి 300 రెట్లు దాటుతుంది, అంటే మూడు నాలుగు మిల్లీవాట్లు. మన ముడిసరుకు అదే. అందులో ఎంత భాగాన్ని కరెంటుగా పట్టుకోగలమన్నది పూర్తిగా మన చేతిపని మీద ఆధారపడుతుంది. ట్రాన్సిస్టర్ ఎంపిక కంటే, యాంటెన్నా కంటే ఈ పట్టుకోవడమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. అందుకే ఈ పాఠంలో ఎక్కువ సమయం స్పీకర్ దగ్గరే గడుపుతాం.

8 ఓంల స్పీకర్ తీసుకోండి. 8 నుంచి 10 సెంటీమీటర్ల వ్యాసం చాలు. అయస్కాంతం బరువుగా, కోన్ (ముందు కదిలే గిన్నెలాంటి భాగం) తేలికగా, కాగితంతో చేసినదై ఉంటే మంచిది. స్పీకర్‌ను విడిగా పట్టుకుని మాట్లాడితే ఫలితం నిరాశపరుస్తుంది. గాలి చాలా తేలిక, కోన్ బరువు, పైగా శబ్దం అంచుల చుట్టూ తిరిగి వెనకవైపు చేరి ముందువైపు ఒత్తిడిని రద్దు చేస్తుంది. దీనికి మందు ఒక గరాటు. గరాటు వెడల్పాటి అంచును స్పీకర్ అంచుకు టేపుతో, ఎక్కడా గాలి పోకుండా అతికించండి. ఇరుకు వైపును పెదవులు సరిగ్గా ఇమిడేంత వెడల్పుగా కత్తిరించండి. స్పీకర్ వెనకవైపును మూయవద్దు. అక్కడ గాలి బందీ అయితే కోన్ బిగుసుకుపోతుంది. మీ ఊపిరి బయటికి పోవడానికి మాత్రం గరాటు పక్కన చిన్న రంధ్రం ఉండాలి, లేకపోతే ఊపిరి ఒత్తిడికి కోన్ ఒక వైపుకు నెట్టుకుపోయి ఆడడం మానేస్తుంది. రంధ్రాన్ని సన్నగా మొదలుపెట్టి, మీటరు చూస్తూ కొద్దికొద్దిగా పెంచండి.

ఇప్పుడు స్పీకర్ రెండు కొసలకు 8 ఓంల రెసిస్టర్ కలిపి, మల్టీమీటర్‌ను ఏసీ మిల్లీవోల్ట్స్‌లో పెట్టి కొలవండి. ఒక సంఖ్య గుర్తుంచుకోండి: 8 ఓంల మీద 89 మిల్లీవోల్టులు కనిపిస్తే అది సరిగ్గా ఒక మిల్లీవాట్. 28 మిల్లీవోల్టులు వస్తే పదో వంతు మిల్లీవాట్. మొదటిసారి ఆ దగ్గర్లో వచ్చినా కంగారు పడకండి.

తర్వాత మీ శ్రుతి వెతకండి. ప్రతి స్పీకర్‌కు సొంత అనునాద పౌనఃపున్యం ఉంటుంది. చిన్న స్పీకర్లలో అది తరచుగా 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, మనుషుల గొంతు మూలస్వరం కూడా చాలావరకు ఆ పరిధిలోనే పలుకుతుంది. ‘ఊ’ అని కింది స్వరంతో మొదలుపెట్టి మెల్లగా పైకి జార్చుకుంటూ వెళ్లండి. ఒక చోట మీటరు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ స్వరాన్ని చెవిలో నిలుపుకోండి, మన ట్రాన్స్‌మిటర్‌కు అదే షడ్జమం. తర్వాత అదే స్వరం మీద ‘ఆ’, ‘ఓ’ కూడా పట్టి చూడండి. ‘ఆ’ చెవికి గట్టిగా వినిపిస్తుంది కానీ దాని బలం పై హార్మోనిక్స్‌లోకి, అంటే మూలస్వరానికి గుణిజాలైన పై స్వరాల్లోకి, పంచుకుపోతుంది. ‘ఊ’ బలం మూలస్వరం చుట్టూనే గుమిగూడుతుంది. ఏ అచ్చు ఎక్కువ ఇస్తుందో మీ స్పీకర్ మీద కొలిచే తేల్చుకోండి. గొంతు బొంగురుపోయేలా అరవవద్దు. శ్రుతి కుదిరితే అరుపు అవసరం తగ్గుతుంది.

89 మిల్లీవోల్టులతో, ఏసీని డీసీగా మార్చే మామూలు డయోడ్లు తెరుచుకోవు. అందుకే ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో దొరికే 1000 ఓంల నుంచి 8 ఓంల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరగేసి వాడతాం. చుట్ల నిష్పత్తి సుమారు 11. కాబట్టి 89 మిల్లీవోల్టులు దాదాపు ఒక వోల్ట్ అవుతాయి, శిఖరం దగ్గర 1.4 వోల్టులు.

ఇక డయోడ్లు. సిలికాన్ డయోడ్ దగ్గర దగ్గర 0.6 వోల్టులు తినేస్తుంది, 1.4 లో అది భరించలేని పన్ను. 1ఎన్34ఏ వంటి జర్మేనియం, లేదా బ్యాట్85, 1ఎన్5711 వంటి షాట్కీ డయోడ్లు తక్కువ కరెంటు దగ్గర 0.2 నుంచి 0.3 వోల్టులతో సరిపెడతాయి. చాలామంది ఇక్కడ నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ రెక్టిఫయర్ కట్టేస్తారు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బ్రిడ్జ్‌లో ఒక శిఖరం లోంచి రెండు డయోడ్ల నష్టం పోతుంది: 1.4 లోంచి 0.5 తీసేస్తే 0.9. ఏసీ రెండు సగాల శిఖరాలనూ కలిపే వోల్టేజ్ డబ్లర్‌లో కూడా నష్టం రెండు డయోడ్లదే, కానీ పోయేది రెండు శిఖరాల మొత్తం లోంచి: 2.8 లోంచి 0.5 తీస్తే 2.3. లోడ్ లేనప్పటి సంఖ్యలివి, అయినా తేడా కళ్లకు కడుతుంది. డబ్లరే కట్టండి.

కట్టే తీరు ఇది. 22 మైక్రోఫారాడ్‌ల రెండు కెపాసిటర్లను వరుసగా కలపండి, పైదాని నెగటివ్ కిందిదాని పాజిటివ్‌కు. ఆ మధ్య బిందువుకు ట్రాన్స్‌ఫార్మర్ 1000 ఓంల చుట్ట ఒక కొస. రెండో కొస నుంచి ఒక డయోడ్ పైకి, గీత ఉన్న వైపు పై కెపాసిటర్ పాజిటివ్‌కు తగిలేలా. ఇంకో డయోడ్ గీత వైపు ఆ రెండో కొసకే తగలాలి, దాని మరో చివర కింది కెపాసిటర్ నెగటివ్‌కు. రెండు కెపాసిటర్ల బయటి చివర్ల మధ్య వచ్చేదే మన డీసీ.

ఇప్పుడు ఈ పాఠానికి ప్రాణమైన కొలత. డీసీ చివర్ల మధ్య ఒక్కొక్క రెసిస్టర్ పెట్టి, ఒకే శ్రుతిలో ఒకే బలంతో ‘ఊ’ అంటూ వోల్టేజీ రాసుకోండి. వోల్టేజీని దానితోనే గుణించి నిరోధంతో భాగిస్తే శక్తి వస్తుంది. ఉదాహరణకు 1000 ఓంల మీద 0.74 వోల్ట్, 2200 మీద 1.2, 4700 మీద 1.65, 10,000 మీద 2.0 వచ్చాయనుకోండి. శక్తి వరుసగా 0.55, 0.65, 0.58, 0.40 మిల్లీవాట్లు. పది వేల ఓంల దగ్గర వోల్టేజీ అన్నిటికంటే ఎక్కువ, శక్తి అన్నిటికంటే తక్కువ. వోల్టేజీ చూసి సంతోషించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మనకు కావలసింది శక్తి, అది 2200 ఓంల దగ్గర ఉంది. ఇంకోటి కూడా గమనించండి: రెట్టింపు అటూ ఇటూ పోయినా నష్టం 10, 15 శాతమే. మ్యాచింగ్ కుదరాలి కానీ వెంట్రుకవాసి ఖచ్చితత్వం అక్కర్లేదు.

ఈ సంఖ్య ఆసిలేటర్‌కు ఒక ఆజ్ఞ. 1.2 వోల్టుల దగ్గర 2200 ఓంలలా కనిపించాలంటే అది 0.55 మిల్లీఆంపియర్ తీసుకోవాలి. గత పాఠంలోని ఆసిలేటర్‌ను సెల్, ఒక పొటెన్షియోమీటర్ (తిప్పి వోల్టేజీ మార్చే రెసిస్టర్) ద్వారా 1.2 వోల్టుల మీద నడుపుతూ ఎమిటర్ రెసిస్టర్ మార్చండి, కరెంటు ఆ విలువకు వచ్చేదాకా. తర్వాత వోల్టేజీని మెల్లగా తగ్గించి ఎక్కడ ఆగిపోతుందో, మళ్లీ పెంచి ఎక్కడ మొదలవుతుందో రాసుకోండి. మొదలయ్యే వోల్టేజీ ఆగే వోల్టేజీ కంటే ఎక్కువ ఉంటుంది. గొంతుతో ప్రతి అక్షరానికీ ఆసిలేటర్ కొత్తగా మొదలవ్వాలి కాబట్టి మనకు పనికొచ్చే సంఖ్య మొదలయ్యే వోల్టేజీయే. జర్మేనియం ట్రాన్సిస్టర్ దొరికితే ఇక్కడ దాని విలువ తెలుస్తుంది, బేస్ దగ్గర సిలికాన్ అడిగే 0.6 వోల్టుల్లో సగం కూడా అడగదు.

డబ్లర్‌కూ ఆసిలేటర్‌కూ మధ్య ఒక మిల్లీహెన్రీ చోక్ (రేడియో తరంగాలను ఆపే తీగచుట్ట), ఆసిలేటర్ వైపు 0.01 మైక్రోఫారాడ్ బైపాస్ కెపాసిటర్. అవుట్‌పుట్‌కు డమ్మీ లోడ్, అంటే యాంటెన్నాకు బదులు శక్తిని మింగే రెసిస్టర్. యాంటెన్నా ఇప్పుడే వద్దు. మైక్రోవాట్లే కదా అని చట్టం వదిలిపెట్టదు, హ్యామ్ బ్యాండ్‌లో ప్రసారానికి లైసెన్స్ ఉండాలి. డమ్మీ లోడ్ మీద సాధనకు ఏ ఇబ్బందీ లేదు, గదిలోని రిసీవర్‌కు ఆ కాస్త లీకేజీ చాలు.

ఇక కీయింగ్, అంటే మోర్స్ గుర్తుల కోసం ప్రసారాన్ని ఆన్, ఆఫ్ చేయడం. ఇక్కడ కీ కూడా మీ గొంతే. ‘డు’ అంటే డిట్ (మోర్స్ పొట్టి గుర్తు), సాగదీస్తే డా (పొడవు గుర్తు). మోర్స్‌లో డా నిడివి డిట్‌కు మూడు రెట్లు. తెలుగు ఛందస్సు అలవాటైన నాలుక ఇక్కడ మోసపోతుంది, ఎందుకంటే గురువుకు మనం రెండు మాత్రలే ఇస్తాం. డాకు ప్లుతం కావాలి, ఎవరినో దూరం నుంచి పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీసినట్టు పూర్తి మూడు మాత్రలు. లేకపోతే వినేవాళ్లకు డిట్, డా కలగలిసిపోతాయి.

కెపాసిటర్ విలువ కీయింగ్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. రెండు 22 మైక్రోఫారాడ్‌లు వరుసలో 11 అవుతాయి. 2200 ఓంలతో గుణిస్తే కాలస్థిరాంకం, అంటే కెపాసిటర్ ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చెప్పే కొలత, 24 మిల్లీసెకన్లు. నిమిషానికి 5 పదాల వేగంలో డిట్ 240 మిల్లీసెకన్లు కాబట్టి అంచులు స్పష్టంగా ఉంటాయి. ఇంకా చిన్న కెపాసిటర్ పెడితే మీ గొంతు కంపనం సంకేతంలో బరబరలాడుతుంది. పెద్దది పెడితే డిట్‌లు తోకలు సాగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వేగం పెంచాలన్న ఉబలాటం వద్దు. తక్కువ వోల్టేజీ దగ్గర క్రిస్టల్ పూర్తి బలానికి రావడానికే కొంత సమయం పడుతుంది. వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కనుక స్వరంలో కాస్త చిర్ప్ (స్వరం జారడం) వినబడుతుంది, క్రిస్టల్ దాన్ని హద్దులో ఉంచుతుంది.

ఇంత తక్కువ శక్తి ఎక్కడికి చేరుతుంది? 0.65 మిల్లీవాట్లలో ఆసిలేటర్ మూడో వంతును రేడియో శక్తిగా మారిస్తే 0.22 మిల్లీవాట్. 100 వాట్ల కంటే ఇది సుమారు 57 డెసిబెల్స్ తక్కువ. రిసీవర్‌లో సంకేత బలాన్ని కొలిచే ఒక ఎస్ యూనిట్ 6 డెసిబెల్స్ కాబట్టి తొమ్మిది యూనిట్లకు పైగా. బ్యాండ్ బాగున్న వేళ 100 వాట్ల స్టేషన్ ఎస్9 కంటే 20 డెసిబెల్స్ ఎక్కువగా వినిపించే చోట మన గొంతు ట్రాన్స్‌మిటర్ ఎస్3 దగ్గర ఉంటుంది. నగరపు విద్యుత్ రొదలో అది మునిగిపోతుంది. రొద లేని చోట, ఇరుకైన ఫిల్టర్‌తో, ఓపికున్న చెవికి అది చదవదగిన సంకేతమే. ఆ అవతలి స్టేషన్ వందల కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు.

వచ్చే పాఠానికి ముందు మూడు పనులు పూర్తి చేయండి. నాలుగు రెసిస్టర్ల పట్టిక మీ స్పీకర్‌తో తయారు చేయండి. గరాటుతోనూ గరాటు లేకుండానూ ఒకే స్వరం కొలిచి తేడా రాసుకోండి. తర్వాత ఆసిలేటర్‌ను గొంతుతో నడిపి ‘వీ’ అక్షరాన్ని, అంటే మూడు డిట్‌లు ఒక డాను, మీ గొంతు రికార్డర్ మైక్‌లో పడకుండా రిసీవర్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నుంచే రికార్డు చేసుకుని వినండి. నాలుగు గుర్తులూ విడివిడిగా వినిపించేదాకా సాధన చేయండి. నాలుగో పాఠంలో డమ్మీ లోడ్ తీసేసి అర తరంగదైర్ఘ్యపు డైపోల్ (రెండు సమాన తీగల యాంటెన్నా) కడతాం, 7.030 దగ్గర దాని పొడవు సుమారు 20 మీటర్లు. తీగ, నైలాన్ తాడు, స్థలం చూసిపెట్టుకోండి. లైసెన్స్ లేనివారు ఈలోగా పరీక్షకు దరఖాస్తు మొదలుపెట్టండి.