వైజాగ్‌లో ఉండి సీడీ ట్రాన్స్‌పోర్ట్ కొనాలంటే ఎలా ఎంచుకోవాలి?

కర్ణాటక కచేరీలు, అన్నమయ్య కీర్తనలు, హరికథలు సీడీల్లో కొనుక్కుని ఇప్పటికీ జాగ్రత్తగా దాచుకున్నవాళ్ళు మన ఊళ్ళో చాలామందే ఉన్నారు, వాటిలో కొన్ని ఏ యాప్‌లో వెతికినా దొరకవు కూడా. వాటిని మంచి సిస్టమ్‌లో వినడానికి సీడీ ట్రాన్స్‌పోర్ట్ ఒక దారి. ప్లేయర్‌కీ దీనికీ తేడా ఏంటంటే, ప్లేయర్‌లో డిస్క్ చదివే భాగంతో పాటు దాన్ని సౌండుగా మార్చే డాక్ (DAC) కూడా ఉంటుంది, ట్రాన్స్‌పోర్ట్ అయితే డిస్క్ చదివి డిజిటల్ సిగ్నల్‌ని బయటికి పంపేస్తుంది అంతే, మిగతా పని మీ డాక్‌దో ఆంప్‌దో (అంటే ఆంప్లిఫయర్‌దో).

ఒక మాట ముందే చెప్పేస్తా. సముద్రం పక్కన ఉప్పు గాలిలో ఉండేవాళ్ళం కాబట్టి "సౌండ్ ఎలా ఉంది" అని అడిగే ముందు "డిస్క్ చదివే లెన్స్ పోతే ఎవరు వేస్తారు, ఎక్కడ దొరుకుతుంది" అని అడగండి.

స్టెప్ 1: అసలు అవసరమా?

మీ ఆంప్ వెనకాల చూడండి. కోయాక్సియల్ అనో ఆప్టికల్ అనో రాసి ఉన్న డిజిటల్ ఇన్‌పుట్ ఉందా? అది లేకుండా, విడిగా డాక్ కూడా లేకుండా ట్రాన్స్‌పోర్ట్ కొంటే డబ్బులు దండగ, దాన్ని నేరుగా మామూలు ఎరుపు తెలుపు జాక్‌లకి తగిలిస్తే పాట రాదు. అలాంటప్పుడు మామూలు సీడీ ప్లేయరే కొనుక్కోండి.

డాక్ ఉంటే మాత్రం, కొనేముందు ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్ ఉందేమో చూడండి. వాటిలో చాలావాటికి వెనక కోయాక్సియల్ అవుట్‌పుట్ ఉంటుంది, అంటే అదీ ఒక ట్రాన్స్‌పోర్టే. కొన్ని రోజులు దాంతో వినండి. మీ డాక్‌కి డిస్‌ప్లే ఉంటే 44.1 అని చూపిస్తోందా లేదా చూడండి, సీడీలో ఉండేది 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, కొన్ని డీవీడీ ప్లేయర్లు దాన్ని 48కి మార్చి పంపుతాయి. 44.1 వచ్చి, డిస్కులన్నీ ఆగకుండా ఆడుతుంటే కొత్తది కొనడానికి తొందర లేదు, ఆ డబ్బు స్పీకర్ల మీద పెడితే తేడా ఎక్కువ వినపడుతుంది అని నా గట్టి నమ్మకం.

స్టెప్ 2: కోయాక్సియలా, ఆప్టికలా?

రెండూ ఉన్నదే తీసుకోండి. కోయాక్సియల్‌కి 75 ఓమ్‌ల వైరు కావాలి, ఖరీదైనదేం అక్కర్లేదు, పాత టీవీకి వీడియో కోసం వాడిన పసుపు పిన్ను వైరు మంచిదైతే మీటరు దూరానికి అదే చాలు. అయితే ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే కోయాక్సియల్ తగిలించగానే స్పీకర్లలో గుయ్ మని హమ్ రావచ్చు, అప్పుడు ఆప్టికల్‌కి మారండి, అందులో వెళ్ళేది వెలుతురే కాబట్టి రెండు బాక్సుల మధ్య కరెంటు కనెక్షనే ఉండదు. ఆప్టికల్ వైరుని మాత్రం బాగా మడిచి గోడకీ ర్యాక్‌కీ మధ్య నొక్కేయకండి.

స్టెప్ 3: మెకానిజం చూడండి

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. ట్రే ఉన్నవి, స్లాట్‌లో తోసేవి, పైన మూత తీసి పెట్టేవి అని మూడు రకాలు. కేంబ్రిడ్జ్ ఆడియో సీఎక్స్‌సీ ట్రే రకం, ఆడియోల్యాబ్ 6000సీడీటీ స్లాట్ రకం, ప్రో-జెక్ట్ సీడీ బాక్స్ ఆర్ఎస్2 టీ పైన పెట్టే రకం.

పైన పెట్టేదాంట్లో లెన్స్ కళ్ళెదురుగా ఉంటుంది, తుడుచుకోవడం సుళువు, ట్రే మోటారు, బెల్టు లాంటివి ఉండవు కాబట్టి పాడయ్యేవి తక్కువ. కానీ పైన ఇంకో బాక్సు పెట్టలేం, మూత తెరిచి వదిలేస్తే దుమ్ము సూటిగా లెన్స్ మీదే పడుతుంది, డిస్క్‌ని పట్టి ఉంచే చిన్న అయస్కాంతం బిళ్ళ పోయిందంటే పాట లేదు. స్లాట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ లెన్స్ తుడవాలంటే మొత్తం విప్పాలి, డిస్క్ లోపల ఇరుక్కుంటే అదో తలనొప్పి. ట్రే అయితే బెల్టు సాగిపోతే బయటికి రాకుండా మొరాయిస్తుంది, కానీ అది ఏ పాత మెకానిక్ అయినా బాగుచెయ్యగలిగే పని, అందుకే బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్ళకి నేను చెప్పేది ట్రే గానీ పై మూత గానీ.

లోపల ఏ లేజర్ పికప్ (లెన్స్, లేజర్ కలిసి ఉండే భాగం) వాడారో అమ్మేవాణ్ణి అడిగి నంబరు రాసుకోండి, ఆ నంబరుతో విడి భాగం దొరుకుతోందో లేదో మీరే వెతకండి. ఎన్నో ఖరీదైన పాత ట్రాన్స్‌పోర్టులు ఫిలిప్స్ సీడీ-ప్రో2 అనే డ్రైవ్ మీద కట్టారు, దాని తయారీ ఆగిపోయింది, బాక్సు బంగారంలా ఉన్నా లెన్స్ పోతే దిక్కుతోచదు.

స్టెప్ 4: జిట్టర్ గురించి ఎంత పట్టించుకోవాలి?

డిజిటల్ సిగ్నల్‌తో పాటే టైమింగ్ కూడా ఆ వైరులోనే వెళ్తుంది, ఆ టైమింగ్ అటూ ఇటూ కదలడమే జిట్టర్. ఇప్పటి డాక్‌లలో చాలావరకు దాన్ని సరిచేసుకునే ఏర్పాటు ఉంది. మీ డాక్ పాతదైతే ట్రాన్స్‌పోర్ట్ తేడా కొంచెం తెలియొచ్చు, లేకపోతే దీని కోసం బడ్జెట్ రెట్టింపు చెయ్యకండి.

స్టెప్ 5: సెకండ్ హ్యాండ్ అయితే వోల్టేజ్

జపాన్ నుంచి తెప్పించినవి 100 వోల్టులవి, అమెరికావి 120. మన 230లో పెడితే కాలిపోతాయి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు, దాని బరువు, అది పెట్టే చోటు కూడా లెక్కేసుకుని అప్పుడు బేరమాడండి. వెనకాల అంటించిన లేబుల్ ఫోటో అడగండి, మాట నమ్మొద్దు.

స్టెప్ 6: పరీక్ష మీ డిస్కులతోనే

డాబాగార్డెన్స్‌లో షాపైనా, సీతమ్మధారలో ఎవరింట్లోనైనా సరే, మీ సీడీలు మూడు పట్టుకెళ్ళండి. ఒకటి 70 నిమిషాలు దాటినది. సీడీ లోపల మధ్య నుంచి బయటి అంచుకి చదువుకుంటూ వస్తుంది, అందుకే నీరసించిన లెన్స్ మొదటి పాట శుభ్రంగా ఆడి చివరి పాటల్లో తడబడొచ్చు, నేరుగా ఆఖరి ట్రాక్‌కి వెళ్ళి పూర్తిగా వినండి. రెండోది గీతలు పడినది. మూడోది పాటలు ఆగకుండా కలిసిపోయే కచేరీ డిస్క్, ఆలాపన నుంచి కీర్తనలోకి వెళ్ళేటప్పుడు మధ్యలో టక్కున నిశ్శబ్దం వస్తే అది వద్దు. కళాభారతిలో కూర్చుని వయొలిన్ విన్నవాళ్ళకి ఆ అర సెకను గ్యాప్ ఎంత చిరాకో వేరే చెప్పక్కర్లేదు.

డిస్క్ పెట్టాక ట్రాకుల సంఖ్య చూపించడానికి ఎంతసేపు పడుతోందో కూడా గమనించండి. కొత్త డిస్క్‌కే మళ్ళీ మళ్ళీ తిరిగి ఆలోచిస్తుంటే లెన్స్ అలిసిపోయిందనో మురికిగా ఉందనో అర్థం.

స్టెప్ 7: ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఉంటే బాల్కనీ తలుపుకి ఎదురుగా మాత్రం పెట్టకండి. ఉప్పు గాలికి వెనక జాక్‌ల మెరుపు పోయి పచ్చగా మారతాయి, లెన్స్ మీద సన్నటి పొర పడుతుంది. వాడనప్పుడు బట్ట కప్పండి, వాడేటప్పుడు తీసేయండి, వేడి బయటికి పోవాలి. వాడని జాక్‌లకి ప్లాస్టిక్ మూతలు పెట్టండి. ఏడాదికోసారి కరెంటు పూర్తిగా తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన దూది పుల్లతో లెన్స్‌ని ఒత్తకుండా తుడవండి, అది చాలా సన్నటి తీగల మీద నిలబడి ఉంటుంది. డిస్కులు తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి గీత గీసినట్టు తుడవాలి, గుండ్రంగా కాదు. అలాగే పేరు అచ్చేసిన పైవైపు గీతలు పడకుండా ఇంకా జాగ్రత్తగా ఉండండి, పాట ఉన్న పొర ఆ అచ్చు కిందనే ఉంటుంది, అది లేచిపోతే ఏ ట్రాన్స్‌పోర్టూ చదవలేదు.