మాగాణి మినుము చల్లేముందు గింజను కాదు, చేనును చూడండి

వైరస్ తెగుళ్లకు మినుము చేలు చేతికి రాకుండా పోవడం డెల్టాలో కొత్త కాదు. మళ్లీ వరికోతలు దగ్గరపడ్డాయి. కోతకు 2-3 రోజుల ముందు వరి చేలోనే మినుము విత్తనం చల్లేస్తారు. ఆకులు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులంటే అందరికీ భయమే, దాన్ని మోసే తెల్లదోమ మీద కన్నేసి ఉంచుతారు. ఆకుముడత అనే మరో వైరస్ తెగులు దారి వేరు. అది మీరు చల్లే గింజలోనే పొలంలోకి దిగుతుంది. పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులు దాన్ని పక్క మొక్కలకు మోసేది ఆ తర్వాతే.

రైతును ముంచే తప్పు ఒక్కటే: కల్లంలో గింజ నిగనిగలాడుతోందని, పుచ్చు లేదని దాన్నే విత్తనానికి ఉంచుకోవడం. వైరస్ ఉన్న గింజ కంటికి మంచి గింజలాగే కనిపిస్తుంది. జల్లెడ పట్టినా, నీళ్లలో తేల్చినా వేరు కాదు. ఎకరాకు చల్లే 16 కిలోల్లో దాదాపు 3.5 లక్షల గింజలుంటాయి. నూటికి ఒక్కదానిలో వైరస్ ఉన్నా 3,500 గింజలు, అదీ చేనంతా చెదిరి. అందుకే గింజను చూసి కాదు, అది పండిన చేనును చూసి విత్తనం తీయాలి.

చల్లిన నాలుగు వారాలకు చేలోకి దిగి చూడండి. తెగులు మొక్క ఆకు మామూలు ఆకు కంటే పెద్దదిగా, ఈనెల మధ్య ముడతలు పడి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే మందంగా, తోలులా గరుగ్గా తగులుతుంది. పూమొగ్గలు చిన్నవిగా, పచ్చగా, గుత్తిలా ఉండిపోతాయి, విచ్చుకోవు. లేతప్రాయంలో సోకిన మొక్కకు కాయ దాదాపు ఉండదు. చేనంతా పండి ఎండుతుంటే ఈ మొక్కలు మాత్రం పచ్చగా నిలబడతాయి. ఏపుగా ఉందని మురిసిపోయేది వీటిని చూసే.

విత్తనశుద్ధి, అంటే గింజకు మందు పట్టించడం, చేస్తే ఈ వైరస్ కూడా పోతుందని ఒక అపోహ ఉంది. కిలోకు 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించండి, 16 కిలోలకు 80 మి.లీ. అది మొలకను రసం పీల్చే పురుగుల నుంచి మొదటి రెండు మూడు వారాలు కాపాడుతుంది. గింజ లోపలి వైరస్‌ను మాత్రం చంపదు. మందు పట్టించాం కదా అని తెగులు చేను గింజ చల్లకండి.

ఇక ఇవి.

- నిరుడు చేలో ముడత మొక్కలు కనిపించి ఉంటే ఆ గింజ పప్పుకే.
- పక్కూరి నుంచి బదులు తెచ్చుకుంటే చేను ఎలా ఉందో అడగండి. చెప్పలేకపోతే వద్దు.
- కొట్లో అమ్మే మినుములు విత్తనం కాదు.
- కొనేటప్పుడు సంచికి ధ్రువీకరించిన విత్తనమని తెలిపే నీలం ట్యాగు ఉండాలి. బిల్లు దాచండి.
- మందు కలిపేటప్పుడు చేతికి తొడుగు. మందు పట్టిన గింజ మిగిలితే వంటకూ వద్దు, కోళ్లకూ వద్దు.
- చల్లిన 45 రోజుల వరకు వారానికోసారి చేను చూడండి, ముడత మొక్క కనిపించిన రోజే పీకండి.
- పీకింది దులపకండి, పురుగులు పక్క మొక్కల మీదికి ఎగురుతాయి. సంచిలో వేసి పాతిపెట్టండి. గట్టు మీద పడేయకండి.
- పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 0.2 గ్రా. అసిటామిప్రిడ్. తెగులు సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయదు.
- వచ్చే ఏటి విత్తనానికి చేలో మంచి చెక్క (కొంత భాగం) ఒకటి పూత దశలోనే కర్రలు పాతి గుర్తుపెట్టండి. ఆ చెక్కలో ముడత మొక్క ఒక్కటి కూడా మిగలకూడదు. దాన్ని విడిగా కోసి, విడిగా నూర్చి, విడి సంచిలో కట్టండి. నూర్చాక కలిసిపోతే మళ్లీ గింజను చూసి ఎంచలేరు.