తెలియనిదానితో చెలిమి – 3వ పాఠం: నాలుగు ఆదివారాల పరీక్ష

గత పాఠంలో "చెయ్యనా, వద్దా?" అనే ప్రశ్నను "చేస్తే ఏమవుతుంది?" అని మార్చుకున్నాం. ఈసారి దానికి గడువు, ఖర్చు, అంచనా కడదాం.

ఒక్క ఉదాహరణే తీసుకుందాం. కావలిలో ఒకావిడకు చేపల పులుసు బాగా కుదురుతుంది. కర్రీ పాయింటు పెట్టాలని కోరిక. కానీ అద్దె, అడ్వాన్సు గుర్తొచ్చేసరికి గుండె జారిపోతుంది. కొట్టు తెరవకముందే తెలుసుకోగలిగినది చాలా ఉంది. నోటుపుస్తకంలో మొదటి వాక్యం ఇలా రాయాలి: "నాలుగు ఆదివారాలు, వారానికి రెండు కిలోల కొరమీనుతో ఎనిమిది డబ్బాల పులుసు చేసి, శనివారం సాయంత్రం ఆరులోగా చెప్పినవాళ్లకు అమ్ముతాను." ఏం చేస్తారో, ఎంత చేస్తారో, ఎప్పుడు ఆపుతారో ఇందులోనే ఉంది. "పేరు తెచ్చుకుంటాను" అని రాయకండి, అది మన చేతిలో లేదు.

దాని కిందే, పోయినా ఫర్వాలేదనుకునే డబ్బు రాయండి. రెండు వేలనుకుంటే, అది దాటిన రోజున ఆపేయాలి, రెండో వారమైనా సరే. ఈ హద్దు మొదలుపెట్టకముందే రాయాలి. తర్వాత రాస్తే నష్టం పెరిగేకొద్దీ దాన్ని జరుపుకుంటూ పోతాం. (ఇంట్లో వండి అమ్మేదానికైనా ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ కావాలి, ముందే చేయించుకోండి.)

ఇక అంచనా. పాఠంలో అన్నిటికంటే విలువైనది ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. నాలుగు గళ్లు గీయండి: తేదీ, అంచనా, పదికి ఎంత నమ్మకం, ఏం జరిగింది. "ఈ ఆదివారం ఆరు డబ్బాలకు తగ్గకుండా పోతాయి, పదికి ఏడు" అని శుక్రవారమే రాయాలి. జరిగాక రాస్తే మనసు "నాకు ముందే తెలుసు" అంటుంది, నేర్చుకునేదేమీ మిగలదు.

వాన సూచనలు ఎంత సరిగా ఉన్నాయో కొలవడానికి వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ 1950లో ఇచ్చిన లెక్క మనకూ పనికొస్తుంది. అనుకున్నది జరిగితే 10 నుంచి మీ అంకె తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించండి. జరగకపోతే మీ అంకెను దానితోనే గుణించండి. ఏడు రాసి జరిగితే 3×3, అంటే 9. జరగకపోతే 49. సగటు ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రతిదానికీ "పదికి ఐదు" అని రాసేవారికి ఎప్పుడూ 25 వస్తుంది. మీ సగటు 25 దాటితే, తెలియనిదాన్ని తెలుసనుకుంటున్నారన్నమాట. భయస్తులకూ ఇదే జరుగుతుంది: "ఎవరూ కొనరు, పదికి తొమ్మిది" అని రాస్తారు, కొన్నాక 81 పడుతుంది.

ఎక్కడ బెడిసికొడుతుంది? మొదటి వారం పిన్ని, వదిన, పక్కింటివాళ్లు తీసుకుంటారు. అవి మొహమాటం డబ్బాలు, విడిగా లెక్కపెట్టండి. అసలు సమాధానం, రెండోసారి తమంతట తామే ఫోన్ చేసినవాళ్ల సంఖ్య. నెలనూ చూసుకోవాలి. కార్తీకంలో నీసు మానేసే ఇళ్లు ఎక్కువ, నెల్లూరు జిల్లాలో ఈశాన్య రుతుపవనాల వానలూ అప్పుడే. డబ్బాలు మిగిలితే తప్పు పులుసుదో, నెలదో, వానదో తేలదు. రెండో వారం ధర తగ్గించి, చేప కూడా మార్చినా ఇదే చిక్కు. మార్చాలనుకుంటే ఒక్కటే మార్చండి.

గడువుకు సరిపడే ప్రశ్ననే ఎంచుకోండి. పొదలకూరు నిమ్మకాయలతో పచ్చడి పెట్టి పది రోజుల్లో తేల్చుకుందామంటే కుదరదు. ముక్క ఊరడానికే వారాలు పడుతుంది.

ఈ వారం పని: మీ వాక్యం, మీ హద్దు రాయండి. రోజూ పొద్దున ఐదు చిన్న అంచనాలు రాయండి: ఒంగోలు బస్సు పావుగంటలో వస్తుందా, మధ్యాహ్నంలోగా కరెంటు పోతుందా, ఇలాంటివి. రాత్రి చివరి గడి నింపి, పక్కనే బ్రయర్ లెక్కతో వచ్చిన అంకె వేయండి. ఏడు రోజులకు 35 అంకెలవుతాయి. వాటి సగటు తీసి పెట్టుకోండి, నాలుగో పాఠం దానితోనే మొదలవుతుంది.