ఇంట్లో బీరు కాయాలనుకుంటే ముందు కొనాల్సినవి

అమెరికాలో ఉంటూ ఇంట్లో బీరు చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. (మన ఊళ్లో మాత్రం వద్దు, లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే.) మొదటిసారే మెరిసే స్టీలు ట్యాంకుల జోలికి పోకండి. 5 గ్యాలన్ల బ్యాచ్‌కి, అంటే సుమారు 19 లీటర్లకి, 6.5 గ్యాలన్ల ఫుడ్ గ్రేడ్ బకెట్, మూత, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న పరికరం) చాలు. ఆ పైఖాళీ నురగ కోసం. పాత ఊరగాయ బకెట్ వాడదామని నాకూ అనిపించింది కానీ ప్లాస్టిక్‌కు పట్టిన ఆవకాయ వాసన ఎన్ని కడుగులకీ పోదు. లోపల గీతలు పడ్డ బకెట్ కూడా వద్దు, క్రిములు వాటిలోనే దాక్కుంటాయి.

డబ్బు పెట్టాల్సింది హైడ్రోమీటర్ (బీరులో చక్కెర ఎంత మిగిలిందో తెలిపే గాజు పరికరం) మీద, వాడాక మళ్లీ కడగక్కర్లేని శానిటైజర్ మీద. హైడ్రోమీటర్ రీడింగ్ రెండు మూడు రోజులు మారకుండా నిలబడ్డాకే, అంటే పులియడం ఆగాకే, సీసాల్లో నింపాలి, తొందరపడితే సీసాలు పేలతాయి. మరమూత (తిప్పి తీసే మూత) సీసాలకు క్యాపర్, అంటే మూతలు బిగించే పరికరం, సరిగా పట్టదు, ఓపెనర్‌తో తీసే మామూలువే దాచుకోండి.

సామాన్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, ఈస్ట్ (పులియబెట్టేది), హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) మాత్రం దగ్గర్లోని హోమ్‌బ్రూ షాపులో కొనండి. హాప్స్ ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టారా, ఈస్ట్ ప్యాకెట్ మీద తేదీ ఎంత అన్నది చూడండి. ఎండాకాలంలో పోస్టులో వచ్చిన లిక్విడ్ ఈస్ట్‌తో నా మొదటి బ్యాచ్ మూడు రోజులైనా కదల్లేదు. మాల్ట్‌ని (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) అక్కడే మిల్లు ఆడించి ఇస్తారు, వారం పది రోజుల్లో వాడేసేంతే తెచ్చుకోండి.