తెల్లబట్ట: ఏది సహజం, ఎప్పుడు డాక్టరమ్మను కలవాలి

అనంతపురం ఎండల్లో తెల్లబట్ట కాస్త ఎక్కువైతే "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు తాగించడం, నడుము నొప్పి తోడైతే ఎముకలు కరిగిపోతున్నాయని బెంగపడడం మన ఇళ్లలో మామూలే. సబ్జా నీళ్లు దాహం తీరుస్తాయి, అంతే. ఎముకలకూ తెల్లబట్టకూ ఏ సంబంధమూ లేదు.

గర్భాశయ ముఖద్వారం నుంచి, యోని గోడల నుంచి ఊరే తడి ఇది. అక్కడ ఉండే మేలుచేసే బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి పీహెచ్‌ను, అంటే పులుపు కొలతను, సుమారు 3.8–4.5 మధ్య ఉంచుతుంది. ముదురు రంగు లోదుస్తులు ఆ భాగంలో వెలిసిపోవడానికి కారణం ఆ పులుపే.

ముందుగా రెండు నెలలు మీ తీరును మీరే గమనించుకోండి. నెలసరి ఆగాక కొద్దిగా ఉండే తడి, తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు, అండం విడుదలయ్యే వేళకు, గుడ్డు తెల్లసొనలా మారి, రెండు వేళ్ల మధ్య తీసి చూస్తే తెగకుండా తీగలా సాగుతుంది. ఆపైన మళ్లీ చిక్కబడుతుంది. గుడ్డమీద ఆరితే లేత పసుపు మరక కనిపించడం సహజమే. గర్భిణులకు ఇది ఎక్కువగా ఉంటుంది, కానీ ఒక్కసారిగా నీళ్లలా పోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

విరిగిన పెరుగులా గడ్డలుగా వస్తూ విపరీతమైన దురద ఉంటే అది చాలావరకు ఫంగస్. షుగరు అదుపులో లేనివారికీ, యాంటీబయాటిక్స్ వాడినవారికీ ఎక్కువగా వస్తుంది. బూడిద రంగులో పలుచగా, చేపల వాసనతో ఉంటే బాక్టీరియా సమతూకం తప్పిందని అనుమానించాలి. పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో నురగతో వస్తే కలయిక ద్వారా సోకే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి కావచ్చు. అప్పుడు భర్తకూ మందు ఇవ్వకపోతే జబ్బు తిరగబెడుతుంది. పొత్తికడుపు నొప్పి, జ్వరం, కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక రక్తపు చార, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు.

లోపల సబ్బుతోనో డెట్టాల్‌తోనో కడిగితే మేలుచేసే బాక్టీరియా పోతుంది. లోదుస్తులను సిగ్గుపడి చీర కింద దాచి ఆరేస్తే తడి ఆరదు. మన ఎండ ఉన్నది ఎందుకు?

మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకోవద్దు, గర్భిణులు అసలే వద్దు. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లోనైనా, కడప రిమ్స్‌లోనైనా స్త్రీల వైద్య విభాగంలో "నీరసంగా ఉంది" అని సరిపెట్టకుండా, రంగు, వాసన, దురద, చివరి నెలసరి మొదలైన తేదీ చెప్పండి.